పమిట కుడి భుజం మీదికి మారింది

మేముండే ఊరికి గంట దూరంలో ఒక పెద్దాయన ఇప్పటికీ టిన్‌టైప్ ఫొటోలు, అంటే రేకు మీద తీసే పాతకాలపు ఫొటోలు తీస్తాడు. అమెరికా వచ్చి పదిహేనేళ్లైనా నాకీ సంగతి మొన్నమొన్నటిదాకా తెలీదు. నలభై నిండాయి కదా, ఒకటి తీయించుకుందామని బయల్దేరాను. ఎర్రంచు పసుపు పట్టుచీర, కుంకుమ బొట్టు, ముక్కుపుడక. వందేళ్ల తర్వాత ఎవరైనా చూస్తే తెలుగమ్మాయి అనుకోవాలని నా ఆశ.

పద్ధతి 1851 నాటిది, ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ కనిపెట్టింది. రేకు మీద కొలోడియన్ అనే జిగట ద్రవం పోసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరేలోపే ఫొటో తీసి కడిగేయాలి. పేరులోనే టిన్ను. అప్పట్లో వాడింది ఇనుప రేకు, ఈయన వాడేది అల్యూమినియం. ఆయన వేళ్లు మాత్రం సిల్వర్ నైట్రేట్ మరకలతో గోరింటాకు మాడిపోయినట్టున్నాయి.

కుర్చీలో కూర్చోబెట్టి తల వెనక ఇనుప కడ్డీ ఆనించాడు. చేతిలో ఒక లావు పుస్తకం పెట్టాడు, ఏం పుస్తకమో కూడా నేను చూడలేదు. బానిసత్వం నుంచి బయటపడి దానికి వ్యతిరేకంగా ఉద్యమించిన నల్లజాతి మహిళ సోజర్నర్ ట్రూత్‌కి చదువు రాదు. అయినా 1864లో తీయించుకున్న ఫొటోల్లో కళ్లజోడు, చేతిలో అల్లిక, పక్కన పుస్తకంతో కూర్చుంది. వాటిని అమ్ముకునే బతుకు, ఉద్యమం రెండూ నడిపింది. ఆవిడ ముందు నా వేషం ఏపాటిది!

ఎనిమిది సెకన్లు కదలకూడదు. రెప్ప వేస్తే ఫర్వాలేదట, పడదు. ఐదో సెకనుకి నాకు నవ్వొచ్చింది. రేకు మీద మొహం ఉండాల్సిన చోట మసక మిగిలింది. ఆ కాలంవాళ్ల మొహాలు బిగుసుకుని ఉండటానికి కారణం ఈ సెకన్లేనని అనుకునేదాన్ని. కానీ బానిసత్వం నుంచి తప్పించుకుని దాని మీద పోరాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ 160 ఫొటోల దాకా తీయించుకుని దాదాపు ఎక్కడా నవ్వలేదు, కావాలనే. నల్లవాళ్లంటే ఇకిలించే బొమ్మలుగా గీసే రోజులవి మరి.

రెండో రేకు కుదిరింది. బొమ్మని నిలబెట్టే ఫిక్సర్ ద్రావణంలో వేయగానే నీలంగా, పాలిపోయి ఉన్న బొమ్మ కళ్లముందే తేటపడింది. చూసి నీరుగారిపోయాను. కొలోడియన్‌కి కనపడేది నీలం, అతినీలలోహితం మాత్రమే. పసుపు చీర, ఎర్రంచు, బొట్టు అన్నీ ఒకే నలుపు. నా చామనఛాయ కూడా రెండు వన్నెలు ముదిరింది. పైగా బొమ్మ అద్దంలోలా తిరగబడి, పమిట కుడి భుజం మీద ఉంది! అమెరికా పాతకాలపు తుపాకీ దొంగ బిల్లీ ద కిడ్‌ని ఏళ్ల తరబడి ఎడమచేతివాటం వాడనుకున్నది ఇలాంటి తిరగబడ్డ ఫొటో వల్లే.

రంగుల సంగతి వదిలేశాను. పమిటని మాత్రం వదలబుద్ధి కాలేదు. అమెరికా అంతర్యుద్ధంలో కొందరు సైనికులు ఫొటో కోసం కత్తి, బెల్టు అటుదిటు మార్చుకునేవారట. బాత్రూంలోకి వెళ్లి, కుచ్చిళ్లతో సహా చీరంతా కుడిఎడమలు తారుమారు చేసి కట్టుకొచ్చాను. పావుగంట పట్టింది. మూడో రేకుకి డబ్బు వేరే.

రాత్రి వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"చీర బానే కట్టావు గానీ, ముక్కుపుడక అటువైపుకి ఎప్పుడు మార్పించావే?"