రేకుల షెడ్డులో వైర్‌లెస్ అలారమా? ముందు షట్టర్ దించి టెస్ట్ చేయించండి

గుంటూరు చుట్టుపక్కల మిర్చి గోడౌన్లకీ రైస్ మిల్లులకీ కెమెరాలు, అలారాలు బిగించే పని నాది. ఈమధ్య అందరూ వైర్‌లెస్ కిట్లే అడుగుతున్నారు, గోడకి బెజ్జాలు పెట్టక్కర్లేదు, వైరు ఖర్చు లేదు, పూటలో పనైపోద్ది అని. ఇటుక గోడల ఇంటికైతే నేనూ అదే చెప్తా. కానీ చుట్టూ రేకు, పైన రేకు, ముందు ఇనప షట్టర్ ఉన్న చోట సంగతి వేరు.

ఎక్కువ చోట్ల జరిగేది ఇదీ. హబ్, అంటే సెన్సార్ల సిగ్నల్ అందుకుని ఫోన్‌కి అలర్ట్ పంపే పెట్టె, బయట ఆఫీసు రూములో పెడతారు, సెన్సార్లు షెడ్డు లోపల, పగలు షట్టర్ ఎత్తి ఉండగా టెస్ట్ చేస్తారు, ఫోన్లో టింగుమని అలర్ట్ వస్తది, ఓనరుగారు డబ్బులిచ్చేస్తారు. రాత్రి షట్టర్ దించాక సెన్సార్లన్నీ ఆఫ్‌లైన్. సిగ్నల్ అప్పటిదాకా బయటికొచ్చిందే ఆ షట్టర్ ఖాళీలోంచి మరి. దొంగ వచ్చేదేమో షట్టర్ మూసున్నప్పుడే కదా! అందుకే ఎవరు బిగించినా సరే, షట్టర్ పూర్తిగా దించి, లోపల ఒక మనిషిని నిలబెట్టి, ఒక్కో సెన్సార్ మోగించి చూపించమనండి. వీలైతే సరుకు నిండా ఉన్నప్పుడు ఇంకోసారి చూడండి, ఖాళీ గోడౌన్లో బాగా అందిన సిగ్నల్ టిక్కీలు (మిర్చి బస్తాలు) పైదాకా పేర్చాక పడిపోవచ్చు.

రేకు అరమిల్లీమీటరే కదండీ, అదేం ఆపుద్ది అంటారు. మందంతో పనిలేదండీ. ఈ రేడియో తరంగాలు ఇనుములోకి కొన్ని మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించి దిగవు, మిగతాదంతా వెనక్కి కొట్టేస్తది. ఫారడే అనే శాస్త్రవేత్త 1836లోనే లోహపు గది కట్టి బయటి విద్యుత్ ప్రభావం లోపలికి రాదని చూపించాడు, మన షెడ్డు కూడా దాదాపు అలాంటి గదే. వెలుగు కోసం పైన వేసే ఫైబర్ రేకులు, వెంటిలేటర్లు, తలుపు సందులు, వీటిలోంచే ఎంతోకొంత బయటపడేది. కొత్త కోల్డ్ స్టోరేజీల్లో వాడే పఫ్ ప్యానెల్‌కి (మధ్యలో ఫోమ్ నింపిన గోడ పలక) రెండు వైపులా లోహపు రేకే ఉంటది, అక్కడ ఇంకా కష్టం.

నేను చేసేది ఒకటే, హబ్‌ని షెడ్డు లోపలే పెట్టి ఒక్క క్యాట్ సిక్స్ కేబుల్ (ఇంటర్నెట్‌కి వాడే నెట్‌వర్క్ వైరు) బయటికి లాగడం. 100 మీటర్ల లోపైతే ఆ కేబుల్ మీదే కరెంటు కూడా పంపొచ్చు, దూరం ఎక్కువైతే ఫైబర్ ఆప్టిక్ కేబుల్. సెన్సార్లన్నీ వైర్‌లెస్‌గానే ఉండొచ్చు, రేకు దాటే చోట ఒక్కటి వైరు ఉంటే చాలు. లోపల సిగ్నల్ గోడలకి తగిలి తిరుగుతా ఉంటది కాబట్టి మూలమూలకీ వెళ్తది, కాకపోతే అక్కడక్కడా తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకునే చచ్చు చోట్లు ఉంటాయి. 866 మెగాహెర్ట్జ్ తరంగాల మీద పనిచేసే సెన్సార్ అయితే జానెడు పక్కకి జరిపితే చాలాసార్లు సరిపోద్ది, ఆ మాత్రం దానికి రిపీటర్ (సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే పెట్టె) కొనక్కర్లేదు.

ఇంకోటి, సెన్సార్‌ని నేరుగా రేకుకి అంటించొద్దు. యాంటెన్నా లోహానికి ఆనుకుంటే దాని ట్యూనింగే మారిపోద్ది, సిగ్నల్ బాగా పడిపోద్ది, మళ్లీ మళ్లీ పంపాల్సొచ్చి బ్యాటరీ కూడా తొందరగా అయిపోద్ది. వెనకాల ప్లాస్టిక్ దిమ్మ పెట్టి కొన్ని సెంటీమీటర్లు ఎత్తండి. షట్టర్‌కి పెట్టే అయస్కాంతం సెన్సార్ మామూలు ఇంటి తలుపుది కాకుండా, ఇనప షట్టర్ల కోసమే చేసే పెద్ద గ్యాప్ రకం (అయస్కాంతానికీ సెన్సార్‌కీ మధ్య ఖాళీ ఎక్కువున్నా పనిచేసేది) తీసుకోండి, ఇనుము అయస్కాంతం బలాన్ని తనవైపు లాగేసుకుంటది.

సిమ్ వేసే అలారం ప్యానెల్ అయితే యాంటెన్నా బయటికి, రేకు పైకి తీసేయండి. అయస్కాంతం అడుగున్న యాంటెన్నాకి కింద రేకు ఉండటం ఇంకా మంచిది, గ్రౌండ్‌లాగా పనికొస్తది. యాంటెన్నా వైరు మాత్రం వీలైనంత పొట్టిగా ఉంచండి, పొడుగయ్యేకొద్దీ సిగ్నల్ అందులోనే తగ్గిపోద్ది. ఎవరైనా మొబైల్ బూస్టర్ పెట్టిస్తానంటే వద్దని చెప్పండి, అనుమతి లేకుండా అది పెట్టడం మన దేశంలో చట్టవిరుద్ధం, పైగా చుట్టుపక్కల వాళ్ల ఫోన్లు కూడా పాడు చేస్తది.