మడ్ టైరు కోరిన గీత

స్టీరింగ్ చివరిదాకా తిప్పి రివర్స్ తీయగానే గర్ర్‌మంది. వంగి చూస్తే పికప్ ఫెండర్ లైనర్ (చక్రం పైన లోపలి ప్లాస్టిక్ తొడుగు) మీద అరచేతి వెడల్పున నున్నటి నల్ల గీత. కొత్త మడ్ టైరు భుజం, అంటే పక్క అంచు, కోరేసింది.

265/70ఆర్17 తీసి 285/70ఆర్17 వేశారు. మొదటి అంకె టైరు వెడల్పు మి.మీ.లో, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం, చివరిది రిమ్ అంగుళాలు. లెక్క కడితే టైరు ఎత్తు 803 మి.మీ. నుంచి 831కి పెరుగుతుంది. బండి లేచేది అందులో సగమే, 14 మి.మీ. దానికోసం ఇంత తంటా! పైగా మీటరు 100 చూపిస్తుంటే అసలు వేగం 103 దాటుతుంది. బిగించే ముందే స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఒక చక్రాన్ని దిమ్మ మీదికి ఎక్కించి సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు కూడా చూడాలి. నేల మీద తగలనిది గుంటలో తగులుతుంది.

అసలు వెడల్పు ఎందుకో! అడుగున గట్టి నేల ఉన్న బురదలో సన్న టైరే కోసుకుంటూ దిగి పట్టు దొరకబుచ్చుకుంటుంది. అడుగే దొరకని ఊబిలో మాత్రం వెడల్పుదే పైచేయి.

బురదలో గాలి 18–20 పీఎస్‌ఐకి దించితే చాలు. 15 కన్నా తగ్గిస్తే, బీడ్‌లాక్ (టైరు అంచును రిమ్‌కి బిగించి పట్టే రింగు) లేని రిమ్ మీంచి మలుపులో టైరు ఊడొచ్చే ప్రమాదం ఉంది. తారు ఎక్కేముందు మళ్లీ నింపాలి.

తడి రోడ్డు మీద బ్రేకు ఇంకాస్త ముందే తొక్కాలి. మడ్ టైరు మీది ఈ పెద్ద పెద్ద రబ్బరు దిమ్మల్లో సన్నటి కోతలు తక్కువ, నీళ్ల మీద పట్టూ తక్కువే.

అన్నట్టు, స్టెప్నీ ఇంకా పాత సైజుదే. ఫోర్‌వీల్ డ్రైవ్‌లో దాన్ని కలిపి తిప్పితే డిఫరెన్షియల్‌కి (చక్రాలకు శక్తి పంచే గేర్లకు) మూడినట్టే.