చిత్తు కాగితం నుంచి చేతి కాగితం: ఇప్పటిదాకా జరిగిన పని

ఇంట్లో పోగయ్యే చిత్తు కాగితాలతో కొత్త కాగితం తయారు చేసే పని కొన్నాళ్లుగా చేస్తున్నాను. ఇప్పుడు చేతికి వస్తున్న కాగితం మీద సిరా పెన్నుతో రాయొచ్చు, మడతపెడితే విరగదు, దారంతో పుస్తకంగా కుట్టుకోవచ్చు. ఇక్కడిదాకా రావడానికి ఏవి పనికొచ్చాయో, ఏ కొలతలు కుదిరాయో రాసి పెడుతున్నాను. పని సాగేకొద్దీ నాకు గట్టిగా అర్థమైన విషయం ఒకటుంది. తయారయ్యే కాగితం ఎలా ఉంటుందన్నది చాలావరకు చెత్తబుట్ట దగ్గరే తేలిపోతుంది. బుట్టలో కలగాపులగంగా వేసినదాన్ని తర్వాత ఏ మిక్సీ, ఏ జాలీ బాగుచెయ్యలేవు.

ఏరివేత

మొదట్లో కాగితం అన్నదంతా ఒకే సంచిలోకి వెళ్లేది. ఇప్పుడు విడివిడిగా వేస్తున్నాం. తెల్ల కాపియర్ కాగితం, నోటుపుస్తకాల పేజీలు ఒకచోట. గోధుమరంగు అట్టపెట్టెలు ఇంకోచోట. వార్తాపత్రికలు వేరే. మెరిసే పత్రికలు, ప్లాస్టిక్ పూత ఉన్న కప్పులు, మైనం కాగితాలు నా గుజ్జులోకి అసలు రావు.

ఇంత పట్టింపు ఎందుకంటే, కాగితం అంటే నీళ్లలో నాని, ఒకదాన్నొకటి పట్టుకుని ఆరిన సెల్యులోజ్ పీచు. ఆ పీచు పొడవు, శుభ్రత మీదే అంతా ఆధారపడుతుంది. దేవదారు, పైన్ లాంటి చెట్ల పీచు సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటుంది, యూకలిప్టస్ లాంటివాటిది 1 మిల్లీమీటరు లోపే. అట్టపెట్టె పైపొరలో పొడవు పీచు ఎక్కువ, అందుకే గట్టి. కాపియర్ కాగితంలో పొట్టి పీచు ఎక్కువ, అందుకే నునుపు. వార్తాపత్రికలో కలపను యంత్రంతో నూరి తీసిన గుజ్జు ఎక్కువ. దాంట్లో లిగ్నిన్ (కలపలో పీచును పట్టి ఉంచే పదార్థం) మిగిలిపోతుంది, వెలుతురు తగిలితే పసుపెక్కుతుంది. వార్తాపత్రికతో చేసిన షీటు మొదట బూడిదరంగులో అందంగానే కనిపిస్తుంది, కిటికీ దగ్గర ఉంచితే కొద్ది రోజుల్లోనే రంగు మారడం తెలుస్తుంది. అందుకని దాన్ని సంచులకు, కవర్లకు వాడుతున్నాను, దాచుకునే పుస్తకాలకు వాడటం లేదు.

రసీదుల గురించి కాస్త వివరంగా చెప్పాలి. చూడ్డానికి మామూలు కాగితంలాగే ఉంటాయి, కానీ వాటిలో చాలావరకు థర్మల్ పేపర్. గోటితో గట్టిగా గీసి చూడండి. నల్లని గీత పడితే అది థర్మల్ కాగితమే, ఎందుకంటే దాని మీద సిరా ఉండదు, వేడికి నల్లబడే రసాయన పూత ఉంటుంది. ఆ పూతలో ఒంట్లో హార్మోన్ల పనికి అడ్డుపడే బిస్ఫినాల్ ఏ అనే రసాయనం గానీ, దాని బదులు బిస్ఫినాల్ ఎస్ లాంటివి గానీ వాడుతూ వచ్చారు. యూరోపియన్ యూనియన్ 2020 జనవరి నుంచి థర్మల్ కాగితంలో బిస్ఫినాల్ ఏని బరువులో 0.02 శాతం లోపుకే పరిమితం చేసింది. ఇలాంటి రసీదు కాగితాల కట్టలో కలిస్తే ఆ రసాయనం గుజ్జంతటిలోకీ పాకుతుంది. చేతులు పెట్టి పిసికే గుజ్జు కాబట్టి నేను ఒక్క ముక్క కూడా రానివ్వను. అసలు రసీదు అక్కర్లేదని కౌంటరు దగ్గరే చెప్పడం అన్నిటికంటే మంచిది.

ఇక జిగురు. అంటించే లేబుళ్లు, సెల్లోటేపు, కవరు కిటికీకి ఉండే ప్లాస్టిక్, ఇవన్నీ పొడిగా ఉన్నప్పుడే చించి తీసేయాలి. స్టిక్కరు జిగురు నీళ్లలో కరగదు, ఆవగింజంత ఉండలుగా విడిపోతుంది. ఆ ఉండ జాలీకి అతుక్కుంటే షీటును గుడ్డ మీదికి దించేటప్పుడు సరిగ్గా అక్కడ చిల్లు పడుతుంది. కాగితం మిల్లుల వాళ్లకూ ఇది పెద్ద తలనొప్పే. అట్టపెట్టె పొరలను కలిపేది మాత్రం ఎక్కువగా పిండిజిగురు, అది నీళ్లలో వదిలిపోతుంది కాబట్టి టెన్షన్ లేదు. నూనె అంటిన కాగితం కూడా పనికిరాదు, నూనె ఉన్నచోట పీచు పట్టుకోదు. దాన్ని చించి కంపోస్టులో వేస్తున్నాను.

వెనకవైపు ఖాళీగా ఉన్న కాగితాన్ని గుజ్జు చెయ్యడానికి మాత్రం మనసొప్పదు. దాన్ని ముందు రఫ్ పుస్తకంగా కుట్టి వాడుతున్నాం. రెండువైపులా నిండాకే నానబెట్టే టబ్బులోకి వస్తుంది.

గుజ్జు

ఏ4 సైజు, 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు) కాగితం ఒక్కోటి సరిగ్గా 5 గ్రాములు తూగుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే తూకం యంత్రం లేకుండానే లెక్క వేసుకోవచ్చు. ఒక ఏ4 కాగితం గుజ్జుతో ఏ5 సైజులో, అంటే ఏ4లో సగం సైజులో, 160 జీఎస్‌ఎం మందం షీటు ఒకటి వస్తుంది. గ్రీటింగ్ కార్డు మందం అన్నమాట. రాసుకునే కాగితానికి దాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ గుజ్జు చాలు, కానీ నీళ్లలోంచి జాలీతో అంత పల్చగా ఎత్తడానికి చెయ్యి తిరగాలి.

కాగితాన్ని రెండు వేళ్ల వెడల్పు ముక్కలుగా చించి రాత్రంతా నానబెడతాను. కత్తిరించడం కంటే చించడమే మేలు, అంచున పీచు తెగకుండా బయటికి వస్తుంది, నీళ్లు తొందరగా పీలుస్తుంది. అట్టముక్కలకు గోరువెచ్చని నీళ్లు పోస్తే పొరలు వాటంతటవే విడిపోతాయి. లీటరు నీళ్లకు 5 ఏ4 కాగితాల చొప్పున మిక్సీలో వేసి, ఆపి ఆపి తిప్పుతాను. ఎక్కువసేపు తిప్పితే మెత్తగా అవుతుంది గానీ బ్లేడ్లు పీచును ముక్కలు చేసేస్తాయి, షీటు పెళుసుగా వస్తుంది. ఎక్కడ ఆపాలో తెలియడానికి ఒక గాజు సీసాలో మంచినీళ్లు పోసి, చెంచాడు గుజ్జు కలిపి ఊపి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటాను. ముక్కలు కనిపిస్తే ఇంకోసారి తిప్పాలి. మబ్బులా సమంగా పరుచుకుంటే చాలు. మిక్సీ జారు మాత్రం ఈ పనికి వేరే ఉండాలి. సిరా, టోనరు ఉన్న గుజ్జును వంటింటి జారులో వెయ్యకూడదు.

ప్రస్తుతం నాకు బాగా కుదిరిన పాళ్లు: మూడు వంతుల తెల్ల కాగితం, ఒక వంతు అట్టపెట్టె. రంగు లేత గోధుమ వైపు తిరుగుతుంది, కానీ చింపితే పట్టు తేడా చేతికే తెలుస్తుంది. వట్టి తెల్ల కాగితం షీటు చిరిగినప్పుడు అంచు నున్నగా వస్తుంది. అట్ట కలిపినదాని అంచున సన్నని పోగులు వేలాడుతూ కనిపిస్తాయి. ఆ పోగులే దాని బలం.

సిరా పూర్తిగా పోదు. కాపియర్ టోనరు నిజానికి వేడికి కరిగి అతుక్కున్న ప్లాస్టిక్ పొడి, అది నల్లని చుక్కలుగా మిగులుతుంది. మిల్లుల్లో సబ్బు కలిపిన గుజ్జులోకి గాలి బుడగలు పంపి, నురగతో పాటు పైకి తేలిన సిరాను తీసేస్తారు. అచ్చయిన కాగితం నుంచి సిరా తీసే పద్ధతిని జర్మనీలో యూస్టుస్ క్లాప్రోత్ 1774లోనే ప్రచురించాడు. 1800లో లండన్‌లో మథియాస్ కూప్స్ ఇలాంటి పనికి పేటెంటు తీసుకున్నాడు. ఇంట్లో నేను చేసేది ఇంతే: జాలీలో గుజ్జు పోసి ఒకసారి నీళ్లతో కడగడం. ఎక్కువ అచ్చు ఉన్న పేజీలను వేరే కట్టగా పెట్టి కవర్లకు వాడుకోవడం. చుక్కలున్న కాగితం నాకు నచ్చుతుంది, బ్లీచింగ్ పొడి జోలికి వెళ్లను. తెల్లదనం కోసం ఆ నీళ్లను కాలవలో పొయ్యడంలో అర్థం లేదు.

ఎత్తడం, దించడం

ఒకే కొలత ఉన్న రెండు చెక్క చట్రాలు కావాలి. ఒకదానికి దోమల జాలీని బిగువుగా లాగి కొట్టాలి, రెండోది ఖాళీగా పైన కూర్చుంటుంది. చెక్క తడిసి ఉబ్బి మూలలు విడిపోకుండా వార్నిష్ వేశాను. జాలీ వదులైతే షీటు మధ్యలో మందం, అంచుల్లో పల్చన అవుతుంది.

వెడల్పాటి టబ్బులో 10 లీటర్ల నీళ్లకు 50 గ్రాముల కాగితం గుజ్జు కలుపుతాను. ఒక్కో ఏ5 షీటు దాదాపు 5 గ్రాములు తీసుకెళ్లిపోతుంది కాబట్టి, రెండేసి షీట్లకోసారి మళ్లీ గుజ్జు పొయ్యకపోతే తర్వాతివి పల్చబడుతూ పోతాయి. ఎత్తే ముందు చేత్తో అడుగునుంచి కలపాలి. చట్రాన్ని నిలువుగా దించి, నీళ్లలోనే పడుకోబెట్టి, సమంగా పైకి లేపి, నీళ్లు కారిపోయేలోపే ముందుకూ వెనక్కూ, పక్కలకూ చిన్నగా ఊపాలి. ఆ ఊపుతోనే పోగులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా పడతాయి.

తడి నూలుగుడ్డ మీద చట్రాన్ని బోర్లించి, జాలీ వెనక స్పాంజితో అద్ది నీళ్లు తీసేసి, ఒక అంచునుంచి మెల్లగా లేపితే షీటు గుడ్డకు అంటుకుని ఉండిపోతుంది. గుడ్డ పొడిగా ఉంటే మాత్రం షీటు జాలీనే పట్టుకుంటుంది.

ఒత్తిడి విషయంలో చాలా తేడా చూశాను. పీచు పోగులు ఎంత దగ్గరికి వస్తే, ఆరేటప్పుడు వాటి మధ్య హైడ్రోజన్ బంధాలు అంత ఎక్కువ ఏర్పడతాయి. కాగితానికి జిగురు లేకుండానే పట్టు వచ్చేది అందుకే. గుడ్డలూ షీట్లూ దొంతరగా పేర్చి, పైనా కిందా చెక్క పలకలు పెట్టి, బరువు కొంచెం కొంచెంగా పెంచుతాను. ఒక్కసారిగా బరువు వేస్తే నీళ్లు దూసుకొచ్చి షీటు నలిగిపోతుంది. నీళ్లు కారడం ఆగాక పలక మీద ఎక్కి నిలబడతాను. ఆ తర్వాత పొడి గుడ్డలు మార్చి మరోసారి ఒత్తుతాను. ఒత్తని షీటు ఆరాక వేళ్లతో విడదీస్తే పొరలుగా ఊడుతుంది, బాగా ఒత్తినది ఊడదు.

ఆరబెట్టడానికి పాత కిటికీ అద్దం వాడుతున్నాను. తడి షీటును అద్దానికి అంటించి బ్రష్‌తో అంచులు అదిమితే, ఆరాక అంచులు వాటంతటవే లేచి షీటు తేలిగ్గా ఊడివస్తుంది. అద్దం వైపు నునుపుగా, రెండోవైపు గరుకుగా ఉంటుంది. నీడలో నిదానంగా ఆరితేనే బాగుంటుంది, ఎర్రటి ఎండలో అంచులు ముందే ఆరి వంకర తిరుగుతాయి.

గంజి

గంజి పెట్టని కాగితం మీద సిరా పాకిపోతుంది. పాత కాపియర్ కాగితంలో సిరా పాకకుండా ముందే కలిపిన రసాయనం కొంత మిగిలి ఉంటుంది కాబట్టి దానితో చేసిన షీట్ల మీద కాస్త తక్కువ పాకుతుంది. అట్ట, వార్తాపత్రికల షీట్ల మీద బాగా పాకుతుంది. గంజిని టబ్బులోనే కలిపి చూశాను, చాలావరకు నీళ్లతో పోతుంది, పైగా నీళ్లు త్వరగా వాసన వస్తాయి. ఇప్పుడు 100 మిల్లీలీటర్ల నీళ్లకు 3 గ్రాముల గంజి పొడి ఉడికించి, ఆరిన షీటు మీద వెడల్పు బ్రష్‌తో రెండువైపులా పూసి మళ్లీ ఆరబెడుతున్నాను. పురుగుల బెడద ఉన్నచోట గంజి బదులు మిథైల్ సెల్యులోజ్ (సెల్యులోజ్ నుంచి చేసే జిగురు పొడి) మంచిది.

పటిక మాత్రం వాడటం లేదు. 1807లో మోరిట్స్ ఇల్లిగ్ అనే జర్మన్ రోసిన్ (పైన్ చెట్ల బంక నుంచి తీసేది), పటిక గుజ్జులోనే కలిపి, కాగితం మీద సిరా పాకకుండా చేసే పద్ధతి బయటపెట్టాడు. అది మిల్లులకు కలిసొచ్చింది గానీ, అందులోని ఆమ్లం వల్ల తర్వాతి కాలపు పుస్తకాలెన్నో పసుపెక్కి పొడిపొడిగా రాలిపోయాయి. ఆమ్లాన్ని విరవడానికి కాల్షియం కార్బొనేట్ పొడి చెంచాడు కలపొచ్చు. అయితే నల్లబల్ల సుద్దముక్కలు చాలావరకు జిప్సంతో చేసినవి, అవి ఈ పని చెయ్యవు.

నీళ్లు

ఈ హాబీలో కరెంటు ఖర్చు పెద్దగా లేదు. 500 వాట్ల మిక్సీ నిమిషం తిరిగితే 8 వాట్-అవర్లు, అంతే. అసలు ఖర్చు నీళ్లది. అందుకే టబ్బు నీళ్లు పారబొయ్యను. గుడ్డలో వడగట్టి, ఆ నీళ్లతోనే తర్వాతి విడత కాగితాన్ని నానబెడతాను. రెండు మూడు రోజులు దాటితే వాసన వస్తుంది కాబట్టి, ఎత్తే పని అంతా వరసగా పెట్టుకుంటున్నాను. మిగిలిన గుజ్జులో నీళ్లు పిండేసి, ఉండలు చేసి ఆరబెడితే ఎన్నాళ్లయినా ఉంటుంది, మళ్లీ నానబెట్టి తిప్పితే చాలు. గుజ్జు సింకులో మాత్రం పొయ్యొద్దు, పైపులో పేరుకుని గట్టిపడుతుంది.

నేను చేసిన షీట్లనే మళ్లీ గుజ్జు చేసి కూడా చూస్తున్నాను. ఒకసారి ఆరిన పీచు మళ్లీ నానినా ముందరంత ఉబ్బదు, ప్రతి విడతకూ కొంత పొట్టిదవుతుంది కూడా. ఒకే పీచును సాధారణంగా 5 నుంచి 7 సార్లు మళ్లీ కాగితంగా మార్చగలమని చెబుతారు. నా రెండో విడత షీట్లు మొదటివాటికంటే తేలిగ్గా చిరుగుతున్నాయి, జాలీ కిందికి కారే నీళ్లలో తెల్లని పొడి ఎక్కువగా కనిపిస్తోంది. కొంచెం అట్ట గుజ్జు చేర్చగానే పట్టు తిరిగి వస్తోంది. ఇంకా ఎన్ని విడతలు ఇలా నడుస్తుందో చూడాలని ఉంది, ప్రతి విడతనుంచీ ఒక్కో షీటు వెనక పాళ్లు రాసి దాస్తున్నాను.

ఇక చేయాల్సినవి: దోమల జాలీ బదులు స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లు వాడే సన్నని జాలీ బిగించాలి, దాంతో పల్చని షీట్లు ఎత్తడం తేలికవుతుందని నా అంచనా. వేర్వేరు పాళ్లతో చేసిన షీట్ల ముక్కలను సగం నల్లకాగితంతో కప్పి కిటికీకి అంటించాను, ఏది ఎంత పసుపెక్కుతుందో పోల్చాలి. అట్ట పాలును మూడో వంతుకు పెంచిన గుజ్జు ఇప్పుడు నానుతోంది. దాంతో చేసే షీట్లను పుస్తకాల అట్టలకు వాడబోతున్నాను.