మూలాల తనిఖీ: మూడో వారం నోటుబుక్కు

పని ఒక్కటే: ఇచ్చిన విలువ వర్గ సమీకరణానికి మూలమా కాదా (అంటే, దాన్ని పెడితే రెండు వైపులా సమానమవుతాయా లేదా), సూత్రం జోలికి పోకుండా తేల్చాలి. తెలియని రాశిని మన పాత బీజగణితంలో ‘యావత్తావత్’ అనేవారు. అందులోంచి ‘యా’ తీసుకున్నా.

సోమవారం: 2యా² − 5యా − 3 = 0. చూడాల్సినవి 3, −1/2. 3 పెడితే 18 − 15 − 3 = 0. −1/2 పెడితే 1/2 + 5/2 − 3 = 0. రెండూ మూలాలే. కాలు జారేది మధ్య పదం దగ్గర: −5ని −1/2తో గుణిస్తే +5/2. ఆ గుర్తు పోతే జవాబు −5 వచ్చి, సరైన మూలం కాస్తా కొట్టివేతకు గురవుతుంది. రుణ విలువకు బ్రాకెట్ వేయాల్సిందే. నోటిలెక్కకైతే (2యా − 5)యా − 3 అని మడవడం హాయి, వర్గం చేసే పనుండదు. 3కి వరసగా 6, 1, 3, 0.

బుధవారం: (యా − 2)(యా + 3) = 6. చూడగానే 2, −3 అని రాసేయబుద్ధవుతుంది. 2 పెట్టండి: ఎడమవైపు 0, కుడివైపు 6. అసలు మూలాలు 3, −4. తనిఖీ మాత్రం ఇచ్చిన సమీకరణంలోనే చేయాలి. విప్పి సర్దుకున్న దాంట్లో చేస్తే సర్దడంలో దొర్లిన తప్పు బయటపడదు.

శుక్రవారం, కరణులు (√3 లాంటి, పూర్తిగా తెగని వర్గమూలాలు): √3యా² + 10యా + 7√3 = 0. −√3కి 3√3 − 10√3 + 7√3 = 0. −7/√3కి 49/√3 − 70/√3 + 7√3 దగ్గర చాలామంది ఆగిపోతారు. 7√3ని 21/√3గా మారిస్తే సున్నా. దశాంశాల్లోకి దిగితే మాత్రం చిక్కే. యా² − 2యా − 1 = 0కి 1 + √2 మూలం; దాని బదులు 2.41 పెడితే −0.0119, 2.414 పెడితే −0.000604. కరణిగానే ఉంచితే 3 + 2√2 − 2 − 2√2 − 1, అక్కడితో సరి.

శనివారం, ఎక్సెల్: −యా² + యా + 6 = 0కి 3 మూలమే. గడి ఏ1లో 3 ఉంచి = −ఏ1^2 + ఏ1 + 6 అని కొడితే 18 వస్తుంది! ముందున్న మైనస్‌ని ఎక్సెల్ వర్గం కన్నా ముందే పట్టుకుంటుంది మరి. = 6 + ఏ1 − ఏ1^2 అని రాస్తే 0.

మిగిలింది: మొత్తం, లబ్ధం పద్ధతి, అంటే రెండు మూలాలనూ కూడి, గుణించి చూడటం. సోమవారం లెక్కకు మొత్తం 5/2, లబ్ధం −3/2. లబ్ధం ఒక్కటే చూస్తే మూలాలు కాని 1, −3/2 కూడా పాసైపోతాయి.