ఎప్పుడొచ్చినావు, ఎప్పుడు పోతావు

అనంతపురం స్టేషనులో ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ దిగి సాయినగర్‌లోని మా ఇంటికి చేరేలోపల నన్ను గుర్తుపట్టిన ప్రతివారూ రెండే ప్రశ్నలు అడుగుతారు. “ఏమప్పా, ఎప్పుడొచ్చినావు?” అన్నది మొదటిది. దానికి నేను జవాబు పూర్తి చేయకముందే “మళ్లా ఎప్పుడు పోతావు?” అన్న రెండోది వచ్చేస్తుంది. ఈ రెండింటి నడుమ “ఎట్లుండావు?” అన్న ప్రశ్న ఒకటి ఒకప్పుడు ఉండేదని, అది నాకు తెలియకుండానే ఎక్కడో జారిపోయిందని ఈమధ్యనే గమనించాను. అడిగేవారి తప్పు ఇందులో ఏమీ లేదు. ఏడాదిలో దాదాపు సగం ప్యారిస్‌లో, సగం మారిషస్‌లో గడుపుతూ, ఆ రెండు సగాల అతుకు దగ్గర మూడు వారాలు మాత్రం సొంత ఊళ్లో కనబడే మనిషిని ఎవరైనా అడగగలిగింది అంతే.

తొమ్మిదేళ్లుగా ఇదే ఏర్పాటు. నేను పనిచేసే సంస్థ ఫ్రెంచి బీమా కంపెనీలకు క్లెయిముల సాఫ్ట్‌వేర్ రాసి పెడుతుంది. రాయించుకునేవారు ప్యారిస్‌లో ఉంటారు, రాసే బృందం మారిషస్‌లోని ఎబెన్‌లో ఉంటుంది. ఒకప్పటి చెరకు తోటల మీద లేచిన అద్దాల భవనాల పేట అది. అక్కడ ఫ్రెంచి వచ్చిన ఇంజినీర్లు దొరుకుతారు. పైగా రెండు చోట్ల గడియారాలకూ తేడా ఐరోపా వేసవిలో రెండు గంటలు, చలికాలంలో మూడు గంటలే. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నేను ద్వీపంలో బృందంతో కూర్చుంటాను, ఆ తరువాత ముంబై మీదుగా అనంతపురం వచ్చి, మే నెల ఎండలు తిని, మిగతా కాలమంతా ప్యారిస్‌లో ఉంటాను. మా ఆవిడకు ప్యారిస్‌లోనే ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం, పాప బడి కూడా అక్కడే. క్రిస్మస్ సెలవులకు వాళ్లిద్దరూ రెండు వారాలు ద్వీపానికి వచ్చిపోతారు.

ప్రభుత్వాలు కూడా మా వీధివాళ్లలాగే వచ్చిన తేదీ, పోయిన తేదీ చూస్తాయి. మారిషస్ పన్నుల చట్టం ప్రకారం వారి ఆర్థిక సంవత్సరంలో 183 రోజులు అక్కడ ఉన్నవాడు నివాసి. నవంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా లెక్కపెట్టి చూడండి, 181 వస్తాయి. రెండు రోజుల తేడాతో గట్టెక్కానని మొదట్లో సంబరపడ్డాను గాని, ఆ ఏడాదీ అంతకు ముందు రెండేళ్లూ కలిపి 270 రోజులు నిండినా నివాసే అన్న మరో గీత ఉందని తరువాత తెలిసింది. మన దేశం గీత 182 రోజుల దగ్గర ఉంది. ఏడాదికి ఇరవై రోజులుండే నేను దాని దరిదాపుల్లో కూడా లేను. ఫ్రాన్సు మాత్రం రోజుల జోలికి పోకముందే ఇంకో మాట అడుగుతుంది: నీ సంసారం ఎక్కడుంది? భార్యాబిడ్డలు ఇక్కడుంటే నువ్వు ఎక్కడ తిరిగినా ఇక్కడివాడివే అంటుంది. ఈ నిబంధన మా అమ్మకు వివరించి చెబితే, “ఆ దేశమోళ్లకు బుద్ధుండాది రా” అన్నది.

ఆ బుద్ధి కౌంటరు దాకా దిగిరాదన్న సంగతి అమ్మకు చెప్పలేదు. ప్యారిస్‌లో ఒక కార్యాలయం నా దరఖాస్తును రెండుసార్లు తిప్పి పంపింది. గడచిన మూడు నెలల్లో నా పేర వచ్చిన కరెంటు బిల్లు కావాలన్నారు. బిల్లు మా ఆవిడ పేర వస్తుంది, ఆ మూడు నెలలూ నేను ద్వీపంలో ఉన్నాను. చివరికి తేలిందేమిటంటే, ఈ మనిషికి నా ఇంట్లో ఆశ్రయం ఇస్తున్నానని మా ఆవిడ తన చేత్తో రాసి, సంతకం చేసి, తన గుర్తింపు కార్డు నకలు జతపరచి ఇవ్వాలి. ఇచ్చింది. ఆ కాగితం జిరాక్సు ఇప్పటికీ మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. ఇంట్లో మాటా మాటా వచ్చినప్పుడు ఆమె నోరెత్తదు, దానివైపు ఒక్క చూపు చూస్తుంది.

“చలి వస్తూనే ద్వీపానికి పోతావు, చలి పోతూనే ప్యారిస్‌కు పోతావు, రాజా బతుకు బావా నీది” అని మా బావమరిది ప్రతి ఏడూ అంటాడు. సముద్రం, కొబ్బరిచెట్లు, తెల్లని ఇసుక ఉన్న క్యాలెండరు బొమ్మ వాడి కళ్ల ముందు ఉంటుంది. నేను ఉండేది ఆ బొమ్మలో కాదు. అద్దె తక్కువని క్యూర్పిప్ అనే ఊళ్లో ఉంటాను. అది ద్వీపం నడిమధ్య, సముద్ర మట్టానికి 550 మీటర్లకు పైన ఉన్న మెట్ట. ఆగ్నేయం నుంచి వచ్చే గాలులు సముద్రం మీది తేమను మోసుకొచ్చి ఆ మెట్ట ఎక్కేసరికి చల్లబడి, ఉన్నదంతా అక్కడే దింపేసి, ఆవలి పడమటి తీరానికి పొడిగా దిగుతాయి. అందుకే హోటళ్లున్న పడమటి తీరంలో ఏడాదికి 900 మిల్లీమీటర్లు పడితే మా మెట్ట మీద దానికి మూడింతలకు పైగా పడుతుంది. అనంతపురం జిల్లా వాన 550 చుట్టుపక్కల. ఈ అంకెల పిచ్చి నాకు ఊరికే పట్టలేదు. వాన కోసం ఆకాశం చూసి చూసి మెడలు పట్టేసిన ఇంట్లో పుట్టాను. ఇంకో విశేషం చెబితే మా నాయన చచ్చినా నమ్మేవాడు కాదు: ప్యారిస్ వాన కూడా ఏడాదికి 600 మిల్లీమీటర్ల పైచిలుకే, అంటే మనకన్నా పెద్ద మొనగాడేమీ కాదు. కాకపోతే మనకు నాలుగు వానల్లో కురిసి చెరువు గట్టు తెంపేదాన్ని వాళ్లకు వంద రోజులకు పైగా తుంపర తుంపరగా చిలకరించి పోతుంది. ఆ లెక్కన వేరుశెనగకు ప్యారిస్ వాన కావాలి, అనంతపురం ఎండ కావాలి.

ఇక నేను ద్వీపంలో ఉండే నెలలే అక్కడ తుఫానుల కాలం. 2024 జనవరిలో బెలాల్ తుఫాను వచ్చినప్పుడు రాజధాని పోర్ట్ లూయీ వీధుల్లో వరద కార్లను తోసుకుపోయింది. నేను రెండు రోజులు కిటికీలు బిగించుకుని, రేడియోలో హెచ్చరిక ఏ తరగతికి పెరిగిందో వింటూ, కరెంటు లేక ఫోను చార్జింగును పొదుపుగా వాడుకుంటూ కూర్చున్నాను. ఆ తరువాత బావమరిదికి ఫోన్ చేస్తే, “బీచికి పోలేదా?” అన్నాడు.

రెండు కాపురాల అసలు స్వరూపం తెలియాలంటే ఆరు నెలలు మూసి ఉన్న ఇంటి తలుపు నవంబరు మొదటి రోజున తీసి చూడాలి. ముందు వాసన వస్తుంది. తడి గోనెసంచిలో పాత పుస్తకాలు మూటగట్టి పెట్టినట్టుంటుంది. తోలు చెప్పుల మీద బూడిదరంగు బూజు, నడికట్టు మీద ఆకుపచ్చ బూజు, పూజగదిలో పటం అద్దానికి లోపలివైపు చుక్కలు చుక్కలుగా తెల్లని బూజు. ఉప్పు సీసాలో ఉప్పు నీరైపోయి ఉంటుంది. ఏప్రిల్‌లో సగం వాడి వదిలిపెట్టిన ఇంగువ డబ్బా గట్టిపడి చెంచాకు లొంగదు. అల్మారా కింద పాప రబ్బరు చెప్పులు దొరుకుతాయి, డిసెంబరులో పాప వచ్చేటప్పటికి అవి ఆమె కాలికి పట్టవు. రెండు ఇళ్లలోనూ ఏ వస్తువూ పూర్తిగా అరిగిపోదు, పూర్తిగా పనికీ రాదు. రెండు ఇంగువ డబ్బాలు, రెండు గొడుగులు, రెండు కళ్లజోళ్లు. మంచి గొడుగు ఎప్పుడూ రెండో దేశంలో ఉంటుంది.

మాటల సంగతి వేరే. ఫ్రెంచి నేను మొదట ద్వీపంలో చెవితో నేర్చుకున్నాను. అక్కడ సాయంత్రాలు వీధుల్లో ఉప్పు వేసి ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్ముతారు. వాటిని “పిస్తాష్” అంటారు. అనంతపురం వాడికి ఒక దేశంలో ముందుగా తెలియవలసిన మాట అదే కదా, తెలిసిపోయింది. ఆ ధీమాతో ప్యారిస్‌లో, గార్ దు నోర్ స్టేషను వెనక జాఫ్నా తమిళుల అంగళ్లున్న వీధిలో ఒక అంగడికి పోయి, అరకిలో పిస్తాష్ తూచమన్నాను. ఆయన తూచి పొట్లం కట్టి ధర చెప్పాడు. పది రెట్లు ఉంది. విప్పి చూస్తే నిఖార్సైన పిస్తా పప్పు. ఫ్రాన్సులో పిస్తాష్ అంటే పిస్తానే, చెనక్కాయను “కకావెత్” అంటారట. ద్వీపం వాళ్ల దృష్టిలో రెండూ ఒకటే జాతి, మన పంటకు ఆ గౌరవమన్నా దక్కిందని నేను సంతోషించాను గాని, డబ్బులు మాత్రం కట్టాల్సి వచ్చింది.

అదే ద్వీపంలో బీరకాయను “పిపంగాయ్” అని, మునగాకును “బ్రెద్ మురుం” అని అంటుంటే మొదట నాకు నవ్వు వచ్చేది. పిపంగాయ్, మురుం రెండూ అరవం నుంచి పోయిన మాటలే. ఆ మాటలను మోసుకొచ్చినవాళ్లు ఎవరో తెలిశాక నవ్వు తగ్గింది. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ 36 మంది కూలీలను కలకత్తా నుంచి అక్కడ దింపింది. ఆ తరువాత చెరకు తోటల కోసం ఒప్పందాల మీద సుమారు నాలుగున్నర లక్షల మంది మన దేశం నుంచి పోయారు. వాళ్లలో తెలుగువాళ్లు ఎక్కువగా కోస్తా జిల్లాల వారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వాళ్లను అక్కడ “కొరింగీ”లు అన్నారు. దిగినవాళ్లు నడిచి ఎక్కిన పదహారు మెట్లు పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ పేరుతో ఇంకా ఉన్నాయి, యునెస్కో 2006లో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వలసదారుల రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ప్రతి మనిషికీ ఒక నంబరు, వచ్చిన ఓడ పేరు, వచ్చిన తేదీ. ఎప్పుడొచ్చినావు అన్నదానికి అక్కడ జవాబు పక్కాగా ఉంది. ఎప్పుడు పోతావు అన్నదానికి చాలామంది దగ్గర జవాబు రాలేదు, అక్కడే మట్టిలో కలిశారు. ఆ మెట్ల దగ్గర నిలబడ్డ రోజు నుంచి, రానూపోనూ టిక్కెట్టు జేబులో పెట్టుకుని తిరిగే నన్ను ఎవరైనా సభల్లో “ప్రవాసాంధ్రుడు” అని పరిచయం చేస్తే ఇబ్బందిగా ఉంటుంది.

క్యూర్పిప్‌లో మా పక్కింటి పెద్దాయన ఆ వచ్చినవాళ్లలో ఒకరి మునిమనవడు. ఆయనకు తెలుగు మాట్లాడడం రాదు, ఫ్రెంచిలోంచి పుట్టిన అక్కడి భాష క్రియోల్ మాట్లాడతాడు. రామభజనలో మాత్రం మొదలు నుంచి చివరి దాకా ఒక్క అక్షరం పొల్లుపోకుండా తెలుగు పాడతాడు. ఆ పాటల్లో మాటలకు అర్థం నన్ను అడుగుతాడు, కొన్ని నాకూ తెలియవు. అవి శ్రీకాకుళం వైపు పాత మాటలు, మా సీమ చెవికి కొత్త. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. అక్కడ కాలాలు తిరగబడి డిసెంబరులో మామిడిపళ్లు వస్తాయి, ఉగాది నాటికి నాకు పచ్చడిలోకి ఒక్క పిందె దొరకలేదు. ఆ మాట గోడ మీదుగా అంటే, పెద్దాయన తన పెరట్లోకి పోయి గుప్పెడు బిలింబి కాయలు కోసుకొచ్చి నా చేతిలో పెట్టాడు. వేలెడంత పొడవు, నాలుక మీద పెడితే కన్ను మూసుకుపోయే పులుపు. వాళ్ల ఇంట్లో ఉగాదికి అదే పులుపట. మా అమ్మ ఫోనులో వీడియోలో ఆ కాయను అటూ ఇటూ తిప్పించి చూసి, పులుపు ఏదైతేనేమి లెమ్మని అనుమతి ఇచ్చింది. అమ్మకు అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర, నాకు ఎనిమిది. ఉగాది నాటికి ప్యారిస్ గడియారం ఇంకా ముందుకు జరగకపోతే అక్కడ సాయంత్రం ఐదు. ఈ మూడు ముళ్లూ కలిసే అరగంటలోనే మా కుటుంబం ఒకచోట ఉంటుంది, ఆ తరువాత అమ్మ పడుకుంటుంది.

పాపకు ముందు పళ్లు ఊడిన జనవరిని నేను ఫోనులో చూశాను, మే నెలాఖరుకు పోయేసరికి కొత్త పళ్లు సగం దిగి ఉన్నాయి. డిసెంబరులో ప్యారిస్‌లో ఎనిమిదిన్నర దాటితే గాని పొద్దు పొడవదు, పాప చీకట్లోనే బడికి పోతుంది. ఆ దారిలో ఒక్కసారి కూడా నేను ఆమె చెయ్యి పట్టుకుని నడవలేదు. అక్టోబరు చివర్లో అటక మీది నుంచి పెట్టె దించిన చప్పుడు వినగానే గదిలోకి వస్తుంది. ఎప్పుడు పోతావని అడగదు. పెట్టెలో తన వస్తువు ఏదో ఒకటి పెట్టి వెళ్లిపోతుంది. పోయినసారి ఒంటి మేజోడు పెట్టింది, చారలది. జత మరచిందనుకుని ద్వీపం నుంచి ఫోన్ చేసి అడిగితే, రెండోది తన దగ్గర ఉండాలి కదా నాన్నా అన్నది. క్యూర్పిప్‌లో దానికి బూజు పట్టకుండా బియ్యం డబ్బాలో, ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టాను.

ఇది సాయినగర్ మిద్దె మీది గదిలో రాస్తున్నాను. వచ్చి పదకొండు రోజులైంది. ఇవాళ తెల్లవారుజామున నాలుగున్నరకు కింద గేటు ఎవరో దబదబా బాదారు. పక్కింటి పెద్దమ్మ. నేను వచ్చిన రోజు ఆమె ఊళ్లో లేదు, ధర్మవరంలో కూతురింట్లో ఉండి నిన్న రాత్రే వచ్చింది, అంటే ఆ రెండు ప్రశ్నలూ నాకు ఇంకా బాకీ. తలుపు తీసి జవాబులు సిద్ధం చేసుకుంటున్నాను.

“ఏమిరా, నీళ్లిడిసినారు. మోటరెయ్యి” అన్నది. “ఆ డ్రమ్ము గూడా పట్టు, ఎల్లుండి దాకా రావు.”

మోటరు వేసి, డ్రమ్ము ఒరిగించి చూస్తే అడుగున వేపాకులు కుళ్లి ఉన్నాయి. కొబ్బరిపీచు కోసం వెదుకుతుంటే గోడ అవతలి నుంచి ఆమే తనది విసిరింది.