ఆర్చర్డ్ పార్క్‌లో ఒక మంచు రాత్రి

అమెరికాలోని బఫెలోలో చదువుకుంటున్న మా పిన్ని కొడుకు ఆరు నెలలుగా ఒకటే పోరు. "ఒక్క మ్యాచ్ చూడు అన్నయ్యా, చాలు." చివరికి 2022 డిసెంబర్ 17న, శనివారం, టొరంటోలో బయలుదేరాను. కారులో రెండు గంటల దారి. బఫెలో బిల్స్‌కీ మయామి డాల్ఫిన్స్‌కీ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. ఆట రాత్రి 8:15కి అయినా మేం మూడింటికే బిల్స్ స్టేడియం ఉన్న ఆర్చర్డ్ పార్క్‌లో ఉన్నాం.

స్టేడియం చుట్టుపక్కల ఇళ్లవాళ్లు తమ పెరళ్లనే పార్కింగ్‌కి ఇస్తారు. మేం కారు ఆపిన పెరట్లో పొగ, మాంసం కాలుతున్న వాసన, చేతుల్లో బీరు డబ్బాలు. ఉన్నట్టుండి ఒకతను వ్యాను మీదికెక్కి, కిందున్న మడతబల్ల మీదికి వెల్లకిలా దూకేశాడు. బల్ల ఫెళ్లున విరిగింది, అందరూ ఈలలు. నాకు గుండె ఆగినంత పనైంది. వెన్నెముకతో ఆటలేమిటి? ఆ పిచ్చి నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కానీ ఆ గుంపులోని మనుషులే మమ్మల్ని పిలిచి పొయ్యి దగ్గర నిలబెట్టారు. మాంసం తిననంటే ఒకావిడ వెతికి వెతికి మొక్కజొన్న పొత్తు తెచ్చి కాల్చి ఇచ్చింది. ఈ బిల్స్ అభిమానులు తమని తాము 'బిల్స్ మాఫియా' అని పిలుచుకుంటారు. 1991 నుంచి 1994 దాకా వరసగా నాలుగేళ్లు సూపర్ బౌల్, అంటే ఈ ఆటలో ఫైనల్, చేరి, నాలుగూ ఓడిన జట్టుని ఇంకా ఇంతగా ప్రేమిస్తున్నారంటే వాళ్లమీద గౌరవం కలిగింది.

లోపల సీట్ల కింద, మెట్ల మీద మంచు పేరుకుని ఉంది. తమ్ముడు సంచిలోంచి రెండు అట్టముక్కలు తీశాడు. "కాళ్ల కింద వేసుకో అన్నయ్యా, సిమెంటు చలి లాగేస్తుంది." నిజమే, అది లేకపోతే గంట కూడా నిలబడలేకపోయేవాణ్ని. ఈరీ సరస్సు నీళ్ల మీదుగా వచ్చే చల్లగాలి ఆ తేమనంతా మోసుకొచ్చి సన్నటి పట్టీలా ఒక్కచోటే కుమ్మరిస్తుందట. నెల కిందటే ఈ ఊళ్లో ఆరడుగులకు పైగా మంచు కురిసి, ఒక మ్యాచ్‌ని డెట్రాయిట్‌కి మార్చారు.

ఆట మొదటి సగంలోనే మంచుముద్దలు మైదానంలోకి పడటం మొదలైంది. మొదట అందరూ నవ్వారు. తర్వాత ఆటగాళ్ల పక్కనే పడుతుంటే నాకు టెన్షన్ పట్టుకుంది. గట్టిగా నొక్కిన మంచుముద్ద రాయితో సమానం. 1995లో జెయింట్స్ స్టేడియంలో జనం విసిరిన మంచుగడ్డ తగిలి చార్జర్స్ అనే జట్టు సిబ్బందిలో ఒకాయన స్పృహతప్పి పడిపోయాడు. ఇక్కడ కూడా మైకులో హెచ్చరించారు: ఆపకపోతే బిల్స్‌కే 15 గజాలు వెనక్కి జరిపే పెనాల్టీ. పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగే అవకాశాలుండే ఆటలో అది పెద్ద దెబ్బ. మా ముందు వరసలో ఒక కుర్రాడు అప్పటికే చెయ్యెత్తాడు. పక్కనున్న పెద్దాయన ఏమీ అనకుండా ఆ మణికట్టు పట్టుకుని కిందికి దించాడు. కుర్రాడు తల వంచుకుని ముద్దని బూటు కింద నలిపేశాడు. పరాయివాళ్లు పోలీసుల్ని పిలిచేదాకా రానివ్వకుండా మనవాణ్ని మనమే ఆపుకోవడమంటే ఇదే అనిపించింది.

ఆఖరిదైన నాలుగో క్వార్టర్‌లో డాల్ఫిన్స్ 29–21తో ముందుంది. బిల్స్ దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ జోష్ ఆలెన్ ఆరు పాయింట్లు తెచ్చే టచ్‌డౌన్ పాస్ విసిరి, ఆ వెంటనే అదనంగా దక్కే రెండు పాయింట్ల కోసం తానే గాల్లోకి ఎగిరి బంతిని గీత దాటించాడు. 29–29. అదే సమయానికి ఆకాశం విరుచుకుపడినట్టు మంచు. గీతలు కనపడటం లేదు, తమ్ముడి కనుబొమలు తెల్లబడ్డాయి. ఆఖరి క్షణంలో బిల్స్ కిక్కర్ టైలర్ బాస్ 25 గజాల నుంచి తన్నిన బంతి రెండు స్తంభాల మధ్యకి వెళ్లిపోయింది. మూడు పాయింట్లు. 32–29, బిల్స్ గెలిచింది.

ముందు వరసలో ఆ కుర్రాడు రెండు చేతులా మంచు ఎత్తుకుని పైకి విసిరాడు. ఈసారి పెద్దాయన కూడా విసిరాడు. అదంతా వచ్చి మా తలల మీదే పడింది.