వేలు ఒక వరుసలో, గొంతు ఒక వరుసలో

మా పెద్దబ్బాయికి చదవడం రాదని నాకు తెలిసేసరికి వాడు నాలుగో తరగతి సగం దాటాడు. అంతకాలం బయటపడకపోవడానికి వాడి జ్ఞాపకశక్తే కారణం; తోటి పిల్లలు రెండుసార్లు చదవగా విని, పాఠమంతా అప్పజెప్పేవాడు. ఒక సాయంత్రం హనుమకొండలోని మా ఇంట్లో పక్కన కూర్చుని చూస్తే, వాడి వేలు మూడో వరుసలో ఉంది, గొంతు అయిదో వరుసకు వెళ్లిపోయింది. ‘చక్రం’ అన్న మాట చూపించి ఇదొక్కటే చదవమన్నాను. వాడు నా ముఖం చూశాడు.

తెలుగును రాసినట్టే పలుకుతాం కనుక ఇలాంటి ఇబ్బంది ఇంగ్లిషులోనే ఉంటుందని నేననుకునేదాన్ని. కానీ మన అక్షరంలో గుడి పైన, వత్తు కింద ఉంటాయి. క్రావడి ఎడమ పక్కన కనిపించి, పలికేటప్పుడు మాత్రం అక్షరం తరువాత వస్తుంది.

బడిలో సోమరి అన్నారు. మా అత్తమ్మ మాత్రం “జర పెద్దగైతే గదే అస్తది బిడ్డా” అని సర్దిచెప్పింది. నేను రెండు దెబ్బలు కూడా వేశాను, దాచుకోవడం దేనికి.

చివరికి కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో ఒక సైకాలజిస్టుకు చూపించాం. ముందు కంటిచూపు, వినికిడి బాగున్నాయని తేల్చుకుని, తెలివితేటల పరీక్ష పెట్టి, తరువాత ఏ అర్థమూ లేని మాటలు చదివించారు. అలాంటి మాటలను ఎవరూ కంఠస్థం చేసి ఉండరు గదా, వాడు మొదటి దానికే ఆగిపోయాడు. తెలివికి లోటు లేదని, ఇది డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడంలో వచ్చే ఇబ్బంది అని చెప్పారు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలలో ఇలాంటి అభ్యసన లోపాలు కూడా ఉన్నాయి. సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో అదనపు సమయం అడగవచ్చు. అయితే ‘వైకల్యం’ అన్న మాట దగ్గర మా ఆయన ఆగిపోయారు, దరఖాస్తు ఇంకా బీరువాలోనే ఉంది. ఈ విషయంలో నేను ఆయనతో ఏకీభవించను.

ఇప్పుడు రోజూ పావుగంట, ఒక్క వరుస మాత్రమే కనబడేలా అట్టముక్కకు సందు కోసి చదివిస్తున్నాను. సాంఘికశాస్త్రం నేను చదివి వినిపిస్తే నోటితో జవాబులు చెబుతాడు. మొన్న బస్టాండులో ‘నర్సంపేట’ బోర్డును వాడు కూడబలుక్కుని పూర్తిచేసేలోపు బస్సు కదిలిపోయింది. మేము తరువాతి బస్సు ఎక్కాం.